చిత్తడి నేలకు సాక్షులు కావాలి

న్యూజెర్సీలోని పార్సిప్పనీ పేరు తెలుగు ఇళ్లలో కొత్తేమీ కాదు. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులు ఆ ఊరి గురించి చెప్పమంటే రూట్ 46 మీది ఇండియన్ దుకాణాలు, ఆఫీసు భవనాల వరసలు, 80, 287, 280 హైవేల రద్దీ గురించి చెబుతారు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ టౌన్‌షిప్‌లో ఉన్నది 56,162 మంది. అందులో దాదాపు మూడో వంతు ఆసియా మూలాలవాళ్లే. ఆ హైవేల పక్కనే సుమారు 3 వేల ఎకరాల చిత్తడి నేల ఒకటుంది. దాని పేరు ట్రాయ్ మెడోస్. రోజూ కారులో దాని అంచునే ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లకు అదేదో ఎందుకూ పనికిరాని గడ్డిబీడులా కనిపిస్తుంది.

వేల ఏళ్ల కిందట హిమానీనదం కరిగి వెనక్కి తగ్గుతున్నప్పుడు ఉత్తర న్యూజెర్సీలో ఒక పెద్ద సరస్సు ఏర్పడింది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని పసాయిక్ హిమనదీ సరస్సు అంటారు. ఆ సరస్సు నీరు వెళ్లిపోగా మిగిలిన తడి నేలల్లో ట్రాయ్ మెడోస్ ఒకటి, దక్షిణాన ఉన్న గ్రేట్ స్వాంప్ మరొకటి. ట్రాయ్ మెడోస్‌ను 1967లో జాతీయ సహజ చిహ్నంగా గుర్తించారు. అందులో కొంత రాష్ట్ర ప్రభుత్వానిది. పెద్ద భాగం ‘వైల్డ్‌లైఫ్ ప్రిజర్వ్స్’ అనే లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థది. జమ్ముగడ్డి మధ్య నిటారుగా నిలబడి, ముక్కు ఆకాశానికెత్తి, గడ్డిలో గడ్డిగా కలిసిపోయే అమెరికన్ బిటర్న్ అనే కొంగజాతి పక్షికి కావలసింది ఇలాంటి మంచినీటి చిత్తడే. మస్క్‌రాట్ అనే నీటి ఎలుక ఆ జమ్మునే తిని, ఆ జమ్ముతోనే గూడు కట్టుకుంటుంది. అది తిన్న చోట జమ్ము పలచబడి నీటి మడుగులు ఏర్పడతాయి, ఆ మడుగుల్లో బాతులు దిగుతాయి. ఒకదాన్ని ఆసరా చేసుకుని మరొకటి బతికే ఏర్పాటు ఇది.

ఈ ఏర్పాటును చెరుపుతున్నది కూడా గడ్డే. ఫ్రాగ్మైటీస్ అంటారు. కొల్లేటి గట్ల మీద పెరిగే కిక్కిసకు దగ్గరి చుట్టం. నాలుగు మీటర్ల దాకా పెరుగుతుంది. నేలలోపల దుంపవేళ్లతో పాకుతూ, పక్కన మరో మొక్కకు వెలుతురు అందనివ్వదు. అమెరికాలో ఈ గడ్డి అనాదిగా ఉన్నదే కదా, ఇప్పుడెందుకు ఇలా ఎగబడుతోందని చాలాకాలం శాస్త్రవేత్తలకూ అంతుపట్టలేదు. క్రిస్టిన్ సాల్టన్‌స్టాల్ అనే పరిశోధకురాలు పాత హెర్బేరియంలలో ఎండబెట్టి దాచిన నమూనాల డీఎన్‌ఏను నేటి మొక్కలతో పోల్చి 2002లో చిక్కుముడి విప్పారు. బయటి నుంచి వచ్చిన ఒక రకం, చూడ్డానికి ఇంచుమించు స్థానిక రకంలాగే ఉంటూ, నిశ్శబ్దంగా దేశమంతా అల్లుకుపోయిందని ఆమె తేల్చారు. వందేళ్ల కిందట ఎవరో ఓపికగా ఆకులు ఎండబెట్టి, తేదీ, చోటు రాసి దాచకపోతే ఆ సంగతి తేలేదే కాదు. వాళ్లకు డీఎన్‌ఏ అంటే ఏమిటో కూడా తెలియదు. ఫలానా రోజున ఫలానా చోట ఇది ఉంది అని మాత్రం రాసిపెట్టారు.

నా వాదనంతా ఈ రాసిపెట్టడం గురించే. చెడిపోయిన ఆవాసాన్ని బాగుచేసే పనికి ఇవాళ మనుషులు దొరుకుతున్నారు, యంత్రాలు దొరుకుతున్నాయి, అంతో ఇంతో డబ్బూ దొరుకుతోంది. బాగుపడిందో లేదో అదే చోట నిలబడి ఏళ్ల తరబడి చూసేవాళ్లు దొరకడం లేదు. గడ్డి కోసిన రోజున వార్త వస్తుంది, నిధుల లెక్క తేలుతుంది, అందరూ చేతులు దులుపుకుంటారు. ఈ కొరతను తీర్చగలిగేది ఊళ్లో ఉండే మామూలు మనుషులు, వాళ్ల జేబుల్లోని ఫోన్లు.

ఫ్రాగ్మైటీస్ మీద పని ఎలా సాగుతుందో చూస్తే ఈ మాట ఎందుకు అంటున్నానో అర్థమవుతుంది. ఆగస్టు చివరి నుంచి తొలి మంచు పడేలోపు, ఆకుల్లో తయారైన చక్కెరలను మొక్క వేళ్లకు దింపుకునే సమయంలో కలుపు మందు కొడతారు. చలికాలమంతా కంకులు ఎండి నిలబడి ఉంటాయి. వాటిని కోసేస్తారు. మరుసటి వసంతంలో అక్కడ ఫొటో తీస్తే కన్నుల పండువగా ఉంటుంది. బురద మీద ఎండ పడుతుంది, ఏళ్లుగా మట్టిలో నిద్రపోతున్న విత్తనాలు మొలకెత్తుతాయి, నీటి మడుగులు మెరుస్తాయి. నివేదికల్లోకి ఎక్కేది ఈ ఫొటోనే. రెండో ఏడు, మూడో ఏడు అదే చోటికి వెళ్తే అంచుల్లో కొన్ని పచ్చటి ఈటెలు లేస్తూ కనిపిస్తాయి. చావని దుంప నుంచి వచ్చినవి కొన్ని, పక్క నుంచి పాకి వచ్చినవి కొన్ని. ఆ దశలో నాలుగు చేతులు పూనుకుంటే సరిపోతుంది. ఎవరూ చూడకపోతే ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కథ మళ్లీ మొదటికి వస్తుంది. పెట్టిన డబ్బంతా, చల్లిన మందంతా వృథా. మందు కొట్టిన నేలకు మళ్లీ మందు కొట్టాల్సి రావడం డబ్బు నష్టం ఒక్కటే కాదు, ఆ నీటికి కూడా నష్టమే.

ఫొటోతో నిఘా అనగానే చెట్టుకు కట్టే కెమెరా ట్రాప్‌లు గుర్తొస్తాయి. ఆవాసాన్ని గమనించడానికి అంతకంటే తేలికైన పద్ధతి ఉంది, ఫొటో పాయింట్. ఒకచోట గుంజ పాతుతారు. దాని మీద కెమెరా ఎత్తు, అది చూడాల్సిన దిక్కు ముందే ఖాయం చేస్తారు. ఏటా అవే వారాల్లో, ఇంచుమించు అదే వేళకు, అదే చట్రంలో ఫొటో తీస్తారు. అమెరికా అటవీ సేవా విభాగానికి చెందిన ఫ్రెడరిక్ హాల్ ఈ పద్ధతి మీద 2002లో ఒక కరదీపిక వెలువరించారు. ఎదురుగా మీటరు పొడవున్న పలక నిలబెట్టి దాన్ని చట్రం మధ్యలో పెట్టమంటారాయన. మొక్క ఎంత ఎదిగింది, నేల ఎంత కప్పుకుంది అన్నది ఆ పలకను బట్టి కొలవొచ్చు. నాలుగు మీటర్ల గడ్డి ఉన్న ట్రాయ్ మెడోస్ లాంటి చోట పలకకు బదులు గీతలు గీసిన పొడవాటి కొలకర్ర కావాలి. అంతకు మించి ఖర్చేమీ లేదు.

అలా తీసిన వరసను ఒక్కసారి ఊహించండి. జనవరి ఫొటోలో జమ్ము వాలిపోయి, మంచుగడ్డ మీద మస్క్‌రాట్ గూళ్లు గుట్టలుగా బయటపడతాయి. వాటిని లెక్కపెట్టడానికి నిపుణుడు అక్కర్లేదు. ఏప్రిల్ ఫొటోలో నీరు ఎంత మేర పరుచుకుందో తెలుస్తుంది. ఆగస్టు చివరి ఫొటోలో ఫ్రాగ్మైటీస్ ఊదారంగు కంకులు వేస్తుంది, జమ్ము గోధుమరంగు కండెలు వేస్తుంది. ఏది ఎక్కడి దాకా వచ్చిందో గీత గీసి చూపించవచ్చు. మిగతా కాలంలో దూరం నుంచి రెండూ పచ్చగానే ఉంటాయి. అందుకే ఎప్పుడు తీశామన్నది ఎక్కడ తీశామన్నంత ముఖ్యం. ఒక్కో ఫొటో విడిగా చూస్తే ఏ మాత్రం అందం లేనిది, ఎవరూ లైకులు కొట్టనిది. పదేళ్ల వరస పక్కపక్కన పెడితే ఏ అధికారీ కాదనలేని రుజువు.

ఆకాశం నుంచి తీసిన ఫొటోలు ఉన్నాయి కదా అనేవాళ్లుంటారు. న్యూజెర్సీకి 1930ల నాటి విమాన చిత్రాలు కూడా ఉన్నాయి. చిత్తడి ఎంత మేర కుంచించుకుపోయింది, రోడ్లు ఎక్కడ కోసుకుంటూ వెళ్లాయి అన్నది వాటిలో బ్రహ్మాండంగా కనిపిస్తుంది. జమ్ముగడ్డి మధ్య లేచిన పది కొత్త మొలకలు వాటిలో కనిపించవు. ఆ మొలకలను సమయానికి చూడటమే మనకు కావలసిన పని.

మామూలు మనుషులు ఇంత నియమంగా చేస్తారా అన్న అనుమానానికి లోకంలో జవాబులున్నాయి. 2013 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని మౌంట్ డయాబ్లో కొండ మీద కార్చిచ్చు రేగింది. ‘నర్డ్స్ ఫర్ నేచర్’ అనే బృందం ఆ తర్వాత నడకదారుల పక్కన ఇనుప పట్టీలు బిగించి, ఇక్కడ ఫోను పెట్టి ఫొటో తీసి ఫలానా గుర్తుతో సోషల్ మీడియాలో పెట్టండి అని బోర్డు రాసింది. దారిన పోయే జనం తీసిన ఫొటోలే కాలిన కొండ మళ్లీ చిగురించిన తీరును నమోదు చేశాయి. ఆస్ట్రేలియాలో 2017లో సిడ్నీ తీరాన మొదలైన ‘కోస్ట్‌స్నాప్’ కూడా ఇదే దారిలో నడిచింది. స్టీలు స్టాండులో ఫోను పెట్టి జనం తీసే ఫొటోల నుంచి ఇసుక తీరం ఎంత వెనక్కి జరిగిందో శాస్త్రవేత్తలు కొలుస్తున్నారు. ఈ రెండింటిలోనూ గమనించాల్సింది ఒకటే. నియమం పాటించే బాధ్యత మనిషి మీద పెట్టలేదు, ఇనుప పట్టీ మీద పెట్టారు. ఎవరు వచ్చినా, ఎప్పుడు వచ్చినా చట్రం మారదు.

ఫొటోలు చూసి గుర్తించే పనికి కూడా జనం పనికొస్తారు. టాంజానియాలోని సెరెంగెటిలో 225 కెమెరాలు తీసిన చిత్రాలను 28 వేల మందికి పైగా వాలంటీర్లు ఇంటి దగ్గర కూర్చుని వర్గీకరించారు. ఒకే చిత్రాన్ని పలువురికి చూపించి, వాళ్ల జవాబులను కలిపి చూస్తే నిపుణుల తీర్పుతో సుమారు 97 శాతం సరిపోయింది. ఒక్కొక్కరూ పొరపాటు పడొచ్చు, పదిమంది ఒకే పొరపాటు పడటం అరుదు.

అంత దూరం ఎందుకు, న్యూజెర్సీలోనే గట్టి ఉదాహరణ ఉంది. 1980ల తొలినాళ్లలో ఆ రాష్ట్రం మొత్తంలో మిగిలింది ఒకే ఒక్క బాల్డ్ ఈగిల్ గూడు. కెనడా నుంచి ఆ గద్ద పిల్లలను తెచ్చి వదిలారు. గూళ్లు పెరిగేకొద్దీ ప్రతి గూటినీ సీజనంతా దూరం నుంచి గమనించి, గుడ్లు ఎప్పుడు పెట్టింది, పిల్లలు ఎన్ని ఎగిరాయి అని రాసే పని వాలంటీర్లు భుజానికెత్తుకున్నారు. గూళ్లు 200 దాటాయి. 2025 జనవరిలో ఆ గద్దను రాష్ట్రపు అంతరించే జాతుల జాబితా నుంచి తొలగించారు. అది కోలుకుందని ప్రభుత్వం ధైర్యంగా చెప్పగలిగిందంటే ఏళ్ల తరబడి పేరుకున్న ఆ నోటు పుస్తకాల బలం ఉంది.

ఫొటో సర్వరోగ నివారిణి అని నేను అనడం లేదు. దానికి గట్టి పరిమితులున్నాయి. అన్నిటికన్నా పెద్దది, పచ్చదనం మోసం చేస్తుంది. మరో మొక్క లేకుండా ఫ్రాగ్మైటీస్ ఒక్కటే నిండిన చిత్తడి ఫొటోలో ఎంతో ఏపుగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. అందులో బిటర్న్‌కు నిలువ నీడ ఉండదు. నిజానికి బిటర్న్ ఉన్నా కెమెరాకు చిక్కదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుగుంకే వేళ అది గొంతు లోతుల్లోంచి తీసే కూతను చెవితోనే పట్టుకోవాలి. నీటిలో ఉప్పు ఎంత, ఎరువుల పాళ్లు ఎంత అన్నది ఫొటో చెప్పదు. రోడ్ల మీద చల్లే ఉప్పు వర్షంతో వచ్చి చేరే నేలలో ఇది చిన్న విషయం కాదు. అందుకే ఫొటో పాయింటు దగ్గర కూత వినేవాళ్లు, నీరు పరీక్షించేవాళ్లు కూడా ఉండాలి. ఫొటో వాళ్లకు తోడు, వాళ్లకు బదులు కాదు.

రెండో సంగతి మన ఫొటోల మోజు. తెలుగువాళ్లలో ఖరీదైన లెన్సులు కొని పక్షుల ఫొటోలు తీసేవాళ్లు బాగా పెరిగారు, ఇక్కడా, అమెరికాలోనూ. సంతోషించాల్సిందే. అయితే గూటి దగ్గరికి వెళ్లడం, ఎగిరే పక్షి కోసం దాన్ని బెదరగొట్టడం, అరుదైన జీవి కనబడ్డ చోటును వాట్సాప్ గ్రూపుల్లో పంచడం ఆవాసానికి చేసే ద్రోహం. ఉత్తర న్యూజెర్సీ వాగుల్లో, తడి నేలల్లో బతికే ఉడ్ టర్టిల్, బాగ్ టర్టిల్ లాంటి తాబేళ్లను పెంపుడు జంతువుల చీకటి వ్యాపారం కోసం ఎత్తుకుపోయేవాళ్లున్నారు. ఫోను తీసిన ఫొటోలో చోటు వివరం దాగి ఉంటుంది. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ లాంటి వేదికలు ప్రమాదంలో ఉన్న జాతుల చోటును తామే మసక చేసి చూపుతాయి. వాట్సాప్ గ్రూపులో ‘ఇక్కడే కనబడింది’ అని రాసే మాటను ఏ వేదికా మసక చేయలేదు. ఫొటో పాయింటు ఈ మోజుకు మంచి విరుగుడు. అక్కడ గుంజ కదలదు, గుంజ దగ్గర నిలబడ్డ మనిషి గూటి వైపు అడుగు వేయాల్సిన పని లేదు.

మూడోది వాలంటీర్లు నిలవరన్న మాట. ఇది నిజం, పార్సిప్పనీలో మరీ నిజం. ప్రాజెక్టు మారితే ఊరు మారే ఉద్యోగాలు, వీసా గడువులు, పిల్లల బడి కోసం ఇల్లు మార్చడాలు. ఇలాంటి చోట ఒక మనిషి పదేళ్లు వస్తాడన్న లెక్కతో ఏ పనీ మొదలుపెట్టకూడదు. గుంజ ఉండాలి, దిక్కు రాసి ఉండాలి, ఫొటోల పేర్లు తేదీతో, పాయింటు నంబరుతో ఒకే పద్ధతిలో ఉండాలి, అవన్నీ ఒక వ్యక్తి ఫోనులో కాకుండా సంస్థ దగ్గర భద్రంగా ఉండాలి. అప్పుడు మొదటి ఫొటో తీసిన కుటుంబం టెక్సస్‌కు వెళ్లిపోయినా పదో ఫొటో తీయడానికి మరో కుటుంబం వస్తుంది. రిలే పందెంలో కర్ర చేతులు మారినట్టు మారుతుంది. మూడేళ్లే ఉండబోయే మనిషి కూడా ముప్పై ఏళ్ల పనిలో భాగం పంచుకోగలిగే పద్ధతి ఇది. వలస వచ్చినవాళ్లకు ఇంతకంటే అనువైన సేవ నాకు కనిపించదు.

రుజువులు ఎందుకు దాచాలన్నదానికి ట్రాయ్ మెడోస్ చరిత్రలోనే ఒక ఘట్టం ఉంది. 1960లలో టెక్సస్ ఈస్టర్న్ అనే గ్యాస్ కంపెనీ ఈ చిత్తడి గుండా పైపులైను వేయడానికి భూసేకరణకు దిగింది. వైల్డ్‌లైఫ్ ప్రిజర్వ్స్ కోర్టుకెళ్లింది. ఆ దారి వల్ల జరిగే నష్టాన్ని సాక్ష్యాలతో చూపించుకునే అవకాశం ఈ సంస్థకు ఇవ్వాల్సిందేనని 1966లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పటి పర్యావరణ చట్టాలు చాలా వరకు ఇంకా పుట్టని రోజుల్లో అది పెద్ద మాట. విచారణ జరిగాక, మరుసటి ఏడాది తీర్పు మాత్రం కంపెనీ వైపే వచ్చింది. కోర్టుల్లో, కమిటీల్లో, టౌన్‌షిప్ సమావేశాల్లో ఈ నేల మీద రేపు కూడా వాదనలు జరుగుతాయి. ఆ రోజున ప్రేమ ఉన్నవాళ్లు మాట్లాడితే చాలదు. ఇరవై ఏళ్ల కిందట ఈ మూల ఇలా ఉండేది, ఇదిగో అని బల్ల మీద పెట్టేవాళ్లు కావాలి. పక్కనున్న గ్రేట్ స్వాంప్‌లో 1959లో భారీ విమానాశ్రయం కడతామని ప్రకటిస్తే స్థానికులు చందాలు వేసుకుని భూములు కొని, ఫెడరల్ ప్రభుత్వానికి ఇచ్చేశారు. అది 1960లో వన్యప్రాణి ఆశ్రయంగా నిలిచింది. ఆ ప్రాంతానికి పౌరులు పూనుకుని నేలను కాపాడుకున్న సంప్రదాయం ఉంది. కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్లు ఆ సంప్రదాయంలో చేరడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ చర్చ మన గడ్డ మీద ఇంకా ఎక్కువ అవసరం. కొల్లేరు అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రాంసర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. దేశంలో అంతకంటే పెద్ద ఆవాస పునరుద్ధరణ ప్రయత్నాలు కొన్నే ఉంటాయి. తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు, గట్లు ఒక్కొక్కటిగా మళ్లీ లేచాయి. ఎప్పుడు, ఎక్కడ, ఏ సీజనులో లేచాయన్న దాని మీద ఇప్పటికీ తగవే. ఉపగ్రహ చిత్రాలు అధికారుల దగ్గర, న్యాయవాదుల దగ్గర ఉంటాయి. ఆటపాక పక్షుల కేంద్రం దగ్గర, సరస్సు చుట్టూ ఊళ్ల బడుల దగ్గర పాతిక గుంజలు పాతి, 2006 నుంచి ఏటా జనవరిలో పిల్లల చేత ఒక్కో ఫొటో తీయించి ఉంటే ఇవాళ ఈ వాదనలు వేరేగా సాగేవి. లంక గ్రామాల మత్స్యకారులకు కూడా, తమ బతుకు ఎక్కడ మారిందో చూపించుకోవడానికి, అదే ఆధారమయ్యేది.

హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో ఒక నగర జలాశయానికి ఆ గుర్తింపు దక్కడం అదే మొదలు. పోలీసు అధికారిణి తేజ్‌దీప్ కౌర్ మీనన్ ఆ చెరువును దత్తత తీసుకుని శుభ్రం చేయించారు. నగరంలోని పక్షి ప్రేమికులు ఏళ్లుగా కెమెరాలతో తిరుగుతున్న చోటు అది. గుర్తింపు వచ్చాక కూడా చుట్టూ కట్టడాల ఒత్తిడి తగ్గలేదు. అక్కడ తీసిన పక్షుల ఫొటోలు వేలల్లో ఉంటాయి. పక్షి వెనక మసకబారిన గట్టు, నీటి అంచు, కొత్తగా లేచిన గోడ ఏ ఫొటోలోనూ సరిగా కనబడవు, ఎందుకంటే మన కెమెరాలు పక్షి మీదే నిలుస్తాయి. ఏడాదికి నాలుగుసార్లు ఆ లెన్సు దించి, ఫోను తీసి, ఒకే చోటు నుంచి చెరువు మొత్తాన్ని పట్టమని ఆ మిత్రులను కోరుతున్నాను. కవ్వాల్, అమ్రాబాద్ పులుల అడవుల్లో హైటికాస్ అనే సంస్థ వాలంటీర్లు అటవీశాఖతో కలిసి కెమెరా ట్రాప్‌ల పని చేస్తున్నారు. చెరువులకు అలాంటి తోడు ఇంకా దొరకలేదు.

పార్సిప్పనీ చుట్టుపక్కల తెలుగు సంఘాలకు ఉగాది వేడుకలు, దీపావళి వేడుకలు, బతుకమ్మ, క్రికెట్ టోర్నీలు నిర్వహించే శక్తి ఉంది. వందమందిని ఒకచోట చేర్చడం వాళ్లకు చిటికెలో పని. ఆ శక్తిలో ఒక్క పాలు ఈ నేలకు ఇవ్వండి. వైల్డ్‌లైఫ్ ప్రిజర్వ్స్‌తోనో, రాష్ట్ర సహజ ప్రాంతాల విభాగంతోనో మాట్లాడి, అనుమతి తీసుకుని, దారి పక్కనే అయిదారు పాయింట్లు అడగండి. చిత్తడి లోపలికి దిగొద్దు. హైస్కూలు పిల్లలకు సేవా గంటలు ఎలాగూ కావాలి, ఒక్కో పాయింటు ఒక్కో కుటుంబానికి ఏడాదికి అప్పగించండి. జనవరి, ఏప్రిల్, ఆగస్టు, మూడు ఫొటోలు చాలు. ఊరు వదిలి వెళ్లేటప్పుడు ఇంటి తాళాలతో పాటు ఆ పాయింటును కూడా మరొకరికి అప్పగించి వెళ్లండి. మందు కొట్టే పని ఆగస్టు చివర్లో మొదలవుతుంది కాబట్టి మొదటి ఫొటో అంతకు ముందే తీయాలి. పని మొదలయ్యాక పాత నేలను ఫొటో తీయడం ఎవరివల్లా కాదు.